టెంటు మేకుకు తగిలిన రాయి

నా కూతురు దీవెన తెల్లవారుతూనే తడి బట్టలతో వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "నాయనా, పడవ ఎక్కు. ఎందుకని అడగద్దు" అనడం, చచ్చినా ఎక్కనని అందరి ముందు అన్న నేనే ఎక్కడం దగ్గర పోయిన వారం ఆగాం. అంతకు ముందు సంగతులు తెలియనివాళ్లకు నాలుగు మాటలు చాలు. మా పాత ఊరు రిజర్వాయరు కింద మునిగిపోయింది. మమ్మల్ని తెచ్చి గిద్దలూరు రోడ్డు పక్కన కాలనీలో పడేశారు. నా భార్య మగ్దలీనమ్మ ఊరు మునగక ముందే పచ్చకామెర్లతో పోయింది. కూతుర్ని మా సంఘ పెద్ద ప్రభుదాస్ కొడుకు వెస్లీకి ఇచ్చాను. నేను ఇష్టపడి ఇవ్వలేదు. వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు, నేను తల ఊపాను.

ఆ పడవ పేరు కయాక్. నారింజ రంగు ప్లాస్టిక్. మనిషి వెనక మనిషి కూర్చోవాలి, ఇద్దరికే చోటు. మార్కాపురం బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే వెస్లీ దాన్ని ఎవరో వాడి వదిలేస్తే కొన్నాడు. నడపడం ఫోన్లో చూసి నేర్చుకున్నారు మొగుడూ పెళ్లాం. ఆ తర్వాత గాలాలు వచ్చాయి. ఆ తర్వాత టెంటు వచ్చింది. శనివారం సాయంత్రం నీళ్ల మీద పడి పోవడం, ఏదో ఒక ఒడ్డున పండుకోవడం, ఆదివారం ఆరాధన టైముకు చేపల వాసనతో చర్చి వెనక బెంచీలో కూర్చోవడం.

కాలనీ ఆడవాళ్లు బోరింగు దగ్గర ఆపి అడిగేవాళ్లు. "ఏం దీవెనా, ఈ వారం గూడా సముద్రానికేనా?"

"అవునక్కా, నువ్వూ రా. తిరిగి తీసుకొస్తానని మాత్రం చెప్పలేను" అనేది ఇది.

నాకు నచ్చలేదు. పెళ్లయిన ఆడపిల్ల మొగుణ్ణి పేరు పెట్టి పిలుచుకుంటూ, ప్యాంటు వేసుకొని, తెడ్డు పట్టుకొని నీళ్ల మీద తిరగడమేంది అన్నాను. కాలనీ ఇల్లు రెండు గదులు నాయనా, గోడకు అటు మామ దగ్గితే ఇటు మాకు మెలకువ వస్తుంది, మేం మాట్లాడుకోవాలంటే నీళ్ల నడిమికే పోవాల అంది. ఆ మాట నిజమే. నచ్చకపోవడం మాత్రం ఉంది.

ప్రభుదాస్ నాలాగా గొణగలేదు. ఒకటే చెప్పాడు. యాడికైనా పోండి, ఆ తుమ్మ చెట్ల దిబ్బకు మాత్రం పోవద్దు, పాములు ఉన్నాయి అన్నాడు. ప్రతి శనివారం గుర్తు చేసేవాడు.

ఇక పడవలోకి వస్తాను. ముందు నేను, వెనక దీవెన. లైఫ్ జాకెట్ అని ఒకటి తొడిగి గొంతు దాకా బిగించింది.

"కాళ్లు చాపుకో నాయనా. పక్కకు వంగద్దు."

"ముంచడానికి తీసుకపోతున్నావా?"

ఎప్పుడైనా అయితే దానికి తగిన జవాబు ఇచ్చేది. మా ఇంట్లో మాట పడి ఊరుకునేవాళ్లు ఎవరూ లేరు. ఈ పొద్దు తెడ్డు నీళ్లలో పడే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. వెనక్కు తిరిగి చూద్దామంటే వంగకూడదు. ఏడుస్తోందేమో అనుకున్నాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా లేదు. అందుకు ఇంకా భయమేసింది.

ఈ ఏడు నీళ్లు బాగా దిగాయి. ఎన్నడూ బయటపడని మొండి గోడలు అక్కడక్కడా తేలాయి. అందులో మా ఇల్లు ఏదో పోల్చుకోలేకపోయాను. నీళ్ల మీద నుంచి చూస్తే సొంత ఊరు కూడా పరాయిదే.

ఎండిన తుమ్మ చెట్ల మధ్య దిబ్బ కనిపించింది. మామ వద్దన్న దిబ్బే.

"ఇక్కడికి రావద్దన్నాడు గదా మీ మామ."

"నిన్న గాలి ఎక్కువైంది నాయనా. పొద్దు పోయింది. దగ్గర్లో ఒడ్డు ఇదే."

వెస్లీ ఒడ్డున నిలబడి ఉన్నాడు. పడవ మూతి పట్టుకొని లాగాడు. నా చెయ్యి పట్టుకొని దించాడు. నా మొహం చూడలేదు. వాడు అప్పటికే టెంటు పీకి మడిచి పక్కన పెట్టాడు. బక్కెట్లో రెండు జిలేబి చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి, వాటి సంగతి ఎవరికీ పట్టలేదు.

"మామా," అన్నాడు. "నిన్న టెంటు మేకు కొడుతుంటే రాయి తగిలింది. పక్కకు జరిపి కొట్టినా. అక్కడా రాయే. చదునుగా ఉంది, బండ అనుకున్నాం. తడి మట్టి కన్నా బండ మేలని దాని మీదనే టెంటు వేసినాం."

"వేస్తే?"

వాడు దీవెన వైపు చూశాడు. అది చెప్పింది.

"మసక వెలుతురులో మొహం కడుక్కుంటా నీళ్లు దాని మీద ఒంపినా. బురద జారింది. అక్షరాలు వచ్చినాయి." కొంచెం ఆగింది. "మేం దాని మీద పండుకున్నాం నాయనా. అమ్మ మీద పండుకున్నాం."

నేను ఆ మాట వెంటనే అర్థం చేసుకోలేదు. నడిచి పోయి చూశాను.

పలక రాయి. నేను నా జీవితమంతా మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసినవాణ్ణి. నా భార్య సమాధికి బండ నేనే తెచ్చాను, పేరు నేనే చెక్కాను. మగ్దలీనమ్మ, ప్రభువునందు నిద్రించెను. పక్కన నాలుగు వైపులా నిలువు పలకలు పెట్టి సున్నంతో అతికింది కూడా నేనే. పాత ఊరి సమాధుల తోటలో ఆమెది అన్నిటికన్నా చివర. నేను నిలబడింది ఆ చివరే. వేరే వైపు నుంచి, నీళ్ల మీద నుంచి వచ్చాను కాబట్టి తెలియలేదు.

ఇది ఇక్కడ ఉండకూడదు. ఉంటే పైబండ ఒక్కటే, ముక్కలై ఉండాలి. ఎందుకంటే మగ్దలీనమ్మను ఇక్కడి నుంచి తీశారు. తీసి కాలనీ పక్కన కొత్త తోటలో పెట్టారు. ప్రతి సమాధుల పండుగకూ నేను పోయి ఆ కొత్త సమాధికి సున్నం కొడుతున్నాను, బంతిపూలు పెడుతున్నాను, కొవ్వొత్తి గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చుంటున్నాను.

మోకాళ్ల మీద కూర్చుని బురద తోశాను. చెయ్యి పెట్టి చుట్టూ తడిమాను. తల వైపు అతుకు అతుకులాగే ఉంది. పక్కలు అలాగే ఉన్నాయి. కాళ్ల వైపు కూడా. ఎక్కడా గడ్డపార దెబ్బ లేదు. ఎక్కడా పగలలేదు.

పగలని సమాధిలోంచి మనిషిని ఎట్లా తీస్తారు?

"నాయనా, నీళ్లు తాగు" అంది దీవెన.

తాగలేదు. తోటను ఖాళీ చేసిన రోజు గుర్తుకొచ్చింది. నీళ్లు అప్పటికే ఊరి కింది వీధిలోకి వచ్చాయి. ప్రభుదాస్ త్రిపురాంతకం వైపు నుంచి కూలీలను తెచ్చాడు. అయినవాళ్లు చూడకూడదన్నాడు. చూస్తే మనిషి మొహం మరిచిపోయి ఎముకలే గుర్తుంటాయన్నాడు. అందరం తోటకు వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి నిలబడ్డాం. వెనక గడ్డపారల చప్పుడు చెవుల్లో పడకుండా పాటలు పాడమన్నాడు. గొంతులు పోయేదాకా పాడాం. మగ్దలీనమ్మ దగ్గరికి వచ్చేసరికి కూలీలను పక్కకు పంపించాడు. 'ఈమెను నేనే తీస్తా, ఎవరూ చెయ్యి పెట్టద్దు' అన్నాడు. అందుకు నేను ఆయన చేతులు పట్టుకొని ఏడ్చాను. మేకులు కొట్టిన చిన్న పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టి, తోట వైపు చూడకుండా ట్రాక్టరు ఎక్కమన్నాడు. ఎక్కాను. దారంతా రాళ్లు. ట్రాక్టరు ఎగిరినప్పుడల్లా పెట్టెలో గలగల చప్పుడు అయ్యేది. పెట్టె మీద చెయ్యి పెట్టి, వచ్చేశాంలే, కొంచెం ఓర్చుకో అని చెబుతూ పోయాను.

ఎవరికి చెప్పాను?

"వానలు పడితే ఈ దిబ్బ మళ్లీ మునుగుతుంది" అంది దీవెన. "ఆలోపల అమ్మను తీసుకపోదాం. ఇంకొకసారి నీళ్లకు ఇయ్యద్దు."

"తీస్తాం" అన్నాను. "ఈసారి నేను చూస్తాను."

అప్పుడు పుట్టి వచ్చింది. చేపలు పట్టేవాళ్ల గుండ్రటి పడవ. అందులో ప్రభుదాస్. తెల్ల చొక్కా, చేతిలో చెప్పులు. కోడలు తెల్లారే వియ్యంకుణ్ణి పడవ ఎక్కించుకొని పోయిందని కాలనీలో ఎవరో చెప్పి ఉంటారు. ఆయన్ని దించి, వలలు చూసుకొస్తానని పుట్టి మనిషి పోయాడు. దిబ్బ మీద నలుగురం మిగిలాం, ఇద్దరు పట్టే పడవ ఒకటి.

ప్రభుదాస్ సమాధిని చూశాడు. ఆశ్చర్యపడలేదు. నేను ఆయన మొహమే చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆశ్చర్యపడలేదు.

"ఎండ ముదురుతా ఉంది బావా. ఇంటికాడ మాట్లాడుకుందాం రా."

"ఇంటికాడ కాదు."

"ఇది పాత బండ బావా. పైబండ వదిలేసి పోయినాం గదా. కొత్తదానికి సిమెంటు సిలువ పెట్టుకున్నాం. దీని లోపల ఏం లేదు."

"ఏం లేకుంటే పగలగొడదాం. వెస్లీ, సుత్తి తే."

వెస్లీ టెంటు మేకులు కొట్టే సుత్తి తీశాడు. ప్రభుదాస్ కొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దురా. చచ్చినోళ్లను కదిలించగూడదు."

"మరి ఆ రోజు ఎట్ల కదిలించినావు?" అన్నాను.

ఆయన చెప్పులు కింద పెట్టాడు. వేసుకోలేదు.

"కదిలించలేదు బావా."

దీవెన కింద కూలబడింది. వెస్లీ చెయ్యి ఇంకా తండ్రి చేతిలోనే ఉంది.

క్షమించమని మా పాస్టరు ఆదివారం చెబుతాడు. ఈ పొద్దు ఆదివారమే, ఇంకా ఆరాధన గంట కొట్టలేదు. కొట్టినా నాకు వినపడదు. ఈ మనిషి నా ఇంట్లో భోజనం చేశాడు. నా కూతుర్ని కోడలిగా తీసుకున్నాడు. కొత్త సమాధి దగ్గర నా పక్కన నిలబడి ప్రార్థన చేశాడు, ఈ సహోదరిని నీ సన్నిధిలో ఉంచుకో తండ్రీ అని.

"నా ఒళ్లో పెట్టిన పెట్టెలో ఏముంది?"

"మట్టి బావా. ఇక్కడి మట్టే. నీళ్లు వస్తా ఉండె, టైము చాలలేదు. నీ మనసు కష్టపెట్టలేక..."

"మట్టి గలగలమనదు."

ఆయన ఒక అడుగు వెనక్కు వేశాడు.

"దారంతా నా ఒళ్లో గలగలమన్నది ఏంది ప్రభుదాసూ?"

బావ అనే పిలుపు నా నోటి నుంచి పోయింది. ఆయనకు తెలిసింది.

"మామా, చెప్పు" అంది దీవెన కింద కూర్చునే. "నాయన ఎవరికి సున్నం కొడుతున్నాడు ఇన్నాళ్లూ? చెప్పకపోతే ఆ కొత్తది నేను తవ్వుతాను. నాకు తవ్వడం వచ్చు, నువ్వు ఆపలేవు."

ప్రభుదాస్ నా వైపు చూడలేదు, కోడలి వైపు చూడలేదు. కొడుకు మణికట్టు వదిలి, కొడుకు మొహం చూశాడు.

"మీ అమ్మకురా."

"ఎవరమ్మ?"

"మీ అమ్మరా. ప్రసన్న."

ప్రసన్న సంగతి మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. వెస్లీ పాకే బిడ్డగా ఉన్నప్పుడు లారీ డ్రైవరుతో కనిగిరి దారి పట్టిందన్నారు. అన్నది ఎవరో కాదు, ప్రభుదాసే. చర్చిలో లేచి నిలబడి, తప్పిపోయిన నా భార్య కోసం ప్రార్థన చెయ్యండి అని అడిగాడు. మేం చేశాం. ఏళ్ల తరబడి చేశాం. తల్లి అట్లాంటిది, కొడుకు ఎట్లాంటివాడో అని పెళ్లి మాటల్లో నేను అన్నాను. వెస్లీ కాస్త ఎదిగాక కనిగిరి పోయి లారీ ఆఫీసుల్లో అడిగి వచ్చేవాడు. బస్టాండు ఎదురుగానే దుకాణం ఎందుకు పెట్టాడో దీవెన పెళ్లయ్యాక చెప్పింది. ఆమె ఎప్పుడైనా వస్తే బస్సే దిగాలి గదా అని.

వెస్లీ అరవలేదు. సుత్తి మెల్లగా బండ మీద పెట్టాడు.

"కనిగిరికి పోతానంటే బస్సు ఎక్కిచ్చింది నువ్వే గదా నాయనా."

"అవును."

"తిరిగొచ్చినంక, కనపడిందా అని అడిగినావు."

"అడిగినాను."

"ప్రతిసారీ అడిగినావు."

ప్రభుదాస్ తల దించాడు. వెస్లీ ఇంకా ఏదో అడగబోయి ఆగాడు. దీవెన లేచి పోయి వాడి పక్కన నిలబడింది. ముట్టుకోలేదు. ఊరికే నిలబడింది.

"ఆమెకు పాట లేదు బావా" అన్నాడు ప్రభుదాస్ నాతో. "ప్రార్థన లేదు. కంచె అవతల అట్లనే పూడ్చినాం. ఊరు మునుగుతుందన్నప్పుడు పేరున్నోళ్లకే పెట్టెలు ఇచ్చినారు. పేరు లేనిదాన్ని ఎట్ల అడిగేది? ముందురోజే ఆమెను తీసి దాచిపెట్టుకున్నా. నీ పెట్టెలో పెట్టినా. నువ్వు చూడద్దంటే చూడవని తెలుసు. నీ భార్య పేరు మీద ఆమెకు ఒక పాట దొరికింది. ఒక సిలువ దొరికింది."

"నా భార్యను నీళ్లకు వదిలినావు."

"పెట్టె ఒకటే గదా బావా."

అంత మామూలుగా చెప్పాడు. నేను లేచాను. ఆయన నాకన్నా ఎత్తు, కానీ ఆ నిమిషం నేను ఏం చేసి ఉండేవాణ్ణో తెలియదు. నా కాళ్ల దగ్గర మగ్దలీనమ్మ ఉంది. ఇన్నేళ్లు నీళ్ల కింద, బురద కింద, ఒక్కతే. పైన నేను ఎవరి ఎముకలకో కొవ్వొత్తి పట్టుకొని కూర్చున్నాను. ఆ పిల్లలకు పడవ పిచ్చి పట్టకపోతే, గాలి ఎక్కువ కాకపోతే, మేకు రాయికి తగలకపోతే, చచ్చేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. చచ్చాక దాని పక్కనే పూడ్చండని చెప్పి పెట్టుకున్నాను కూడా.

"ఎట్ల చచ్చిపోయింది?" అన్నాడు వెస్లీ.

ప్రభుదాస్ నీళ్ల వైపు తిరిగాడు.

"నిన్నే నాయనా. మా అమ్మ ఎట్ల చచ్చిపోయింది?"

ఆయన పెదవులు కదిలాయి. మళ్లీ బండ వైపు చూశాడు. సిగ్గేమో అనుకున్నాను. భయమేమో అనుకున్నాను. అప్పుడు దీవెనే అడిగింది. ఆడపిల్ల కాబట్టి అడిగింది, ఇంట్లో పోయిన మనిషిని కడిగి సిద్ధం చేసేది ఆడవాళ్లే గదా.

"మామా, ఇందాక పూడ్చినాం అన్నావు. నువ్వొక్కడివే కాదు. ఇంకెవరు?"

ఆ రోజుల్లో నేను మార్కాపురంలో ఫ్యాక్టరీ దగ్గరే ఉండేవాణ్ణి. ఆదివారం ఊరికి వచ్చి సోమవారం పోయేవాణ్ణి. వారంలో ఊళ్లో ఏం జరిగినా మగ్దలీనమ్మ చెబితేనే నాకు తెలిసేది. ఆమె అన్నీ చెప్పేది. గొర్రె ఈనినా చెప్పేది. ప్రసన్న లారీ ఎక్కి పోయిందన్న మాట కూడా మొదట నాకు చెప్పింది ఆమే. అన్నం వడ్డిస్తూ చెప్పింది.

ప్రభుదాస్ వంగాడు. నేను చెక్కిన అక్షరాల మీద అరచెయ్యి పెట్టాడు. తియ్యమని అరవాలనుకున్నాను.

"తలకాడ నేను పట్టుకున్నా" అన్నాడు. "కాళ్లకాడ ఈమె పట్టుకుంది."

"అబద్ధం" అన్నాను.

"బావా, సహాయానికి ఈమెను నేను పిలిచినా అనుకుంటున్నావా?" తల ఎత్తి మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "నేను పొలంకాడ ఉన్నా. నన్ను పిలిపించిందే ఈమె. నేను ఇంటికి పోయేటప్పటికే ప్రసన్న లోపల ఊపిరి లేకుండా పడి ఉండె, నీ భార్య నా గుమ్మంలో కూర్చోని చేతులు కడుక్కుంటా ఉండె."